బుస్సీ ఎవరి పేరు?

ఆ మధ్య ఓ ఆదివారం పొద్దున్న మా నాన్న పేపరు చదువుతూ ఒకచోట ఆగిపోయారు. తమిళనాడు రాజకీయాల వార్త. విజయ్ పార్టీ ప్రధాన కార్యదర్శి పేరు దగ్గర వేలు పెట్టి, "ఒరే, ఈ బుస్సీ ఆనంద్ ఎవడ్రా? మన బొబ్బిలి మీదికొచ్చిన బుస్సీ తాలూకేటి?" అన్నారు.

మాది బొబ్బిలికి నాలుగు ఊళ్ళ అవతల. మా ఇళ్ళల్లో బుస్సీ చరిత్ర పుస్తకంలో మనిషి కాదు, మొన్నటిదాకా పక్క వీధిలో ఉండి అప్పు ఎగ్గొట్టి పోయినవాడంత దగ్గర. మా తాతయ్య అతన్ని "మూసే బూసీ" అనేవాడు. చాలా ఏళ్ళు అదంతా ఒకే పేరనుకున్నాను. "మూసే" అంటే మొస్యూ అనీ, మనం "శ్రీ" అన్నట్టు ఫ్రెంచివాళ్ళు పేరు ముందు పెట్టుకునేదనీ కాలేజీకి వెళ్ళాక తెలిసింది. హైదరాబాదులో నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని మొస్యూ రేమండ్ పేరు మీద మూసారాంబాగ్ వెలిసినట్టే ఇదీను.

నాన్న ప్రశ్నకి జవాబు సులువే. పుదుచ్చేరిలో బుస్సీ అని ఒక అసెంబ్లీ నియోజకవర్గం ఉండేది. ఆనంద్ 2006లో అక్కడ ఎమ్మెల్యేగా గెలిచారు. పేరు అలా అంటుకుపోయింది. ఆ నియోజకవర్గం పేరూ, అక్కడి బుస్సీ వీధి పేరూ మన పాత సేనానివే. తర్వాత పునర్విభజనలో నియోజకవర్గం పోయింది. వీధి ఏమో లాల్ బహదూర్ శాస్త్రి వీధి అయింది. చివరికి ఒక తమిళ నాయకుడి పేరు ముందు మిగిలింది.

"అయితే వంశం కాదన్నమాట" అని నాన్న పేజీ తిప్పేశారు. నేనే ఆ మాట దగ్గర ఆగిపోయాను. ఎందుకంటే ఆ మొదటి బుస్సీకి కూడా బుస్సీ అనేది వంశం పేరు కాదు.

ఆయన పూర్తి పేరు షార్ల్ జోసెఫ్ పాతిస్యే ద బుస్సీ-కాస్టెల్నో. ఇందులో ఇంటిపేరు పాతిస్యే. ఫ్రెంచిలో ఆ మాటకి కేకులూ పేస్ట్రీలూ చేసేవాడని అర్థం. బొబ్బిలి కోట గోడల మీద ఫిరంగులు పేల్చినవాడు మన లెక్కలో మిఠాయివారి అబ్బాయి. (ఈ ముక్క చెప్పగానే నాన్న పేపరు పూర్తిగా మడిచేశారు.) "ద" అంటే "యొక్క" అని గానీ "నుంచి" అని గానీ చెప్పుకోవచ్చు. బుస్సీ ఊరి పేరు. కాస్టెల్నో కూడా ఊరి పేరే, దక్షిణ ఫ్రాన్సులో ఆ పేరున్న ఊళ్ళు డజన్ల కొద్దీ ఉన్నాయి. అర్థం కొత్త కోట. అంటే వనపర్తి దగ్గర ఒకటీ, అనకాపల్లి వైపు ఒకటీ ఉన్న మన కొత్తకోటల్లాంటిదే.

ఇక్కణ్ణుంచి నా వాదన మొదలవుతుంది. ఊరి పేరు ఇంటిపేరుగా కనిపించినచోట వంశాన్ని వెతకడం పొరపాటని నా నమ్మకం. ఆ పేరు రక్తంతో దిగిరాదు. భూమితోనో, అడ్రసుతోనో వస్తుంది. భూమి చేతులు మారితే పేరూ మారుతుంది. ఇది ఫ్రెంచివాళ్ళకి ఎంత నిజమో మనకీ అంతే నిజం. మనవాళ్ళు ఒప్పుకోవడానికి మాత్రం బాగా ఇబ్బంది పడతారు, ముందుగా మా బాబాయి. ఆయన దగ్గరికి తర్వాత వస్తాను.

పెద్ద బుస్సీ, పొడుగు బూసీ

ఫ్రాన్సులో బుస్సీ అన్న మాట పేరులో ఉన్న ఊళ్ళు పదిహేను దాకా ఉన్నాయి. స్విట్జర్లాండులో ఫ్రెంచి మాట్లాడే వైపు ఇంకో రెండు మూడు. ఒకే పేరున్న ఊళ్ళని విడదీయడానికి మనం పెద, చిన, పాత, కొత్త అని పెట్టుకుంటాం. వాళ్ళూ అదే పని చేశారు. బర్గండీలో బుస్సీ-ల-గ్రాన్ ఉంది, అంటే పెదబుస్సీ. బుస్సీ-ల-రెపో అంటే విశ్రాంతి బుస్సీ, అవి రెండున్నాయి. బుస్సీ-లె-దావుర్ అంటే దావుర్ దగ్గరి బుస్సీ. పారిస్ తూర్పున బుస్సీ-సాన్-జోర్జ్, దాని పక్కనే బుస్సీ-సాన్-మార్తాన్ ఉన్నాయి. జార్జి గారి గుడి ఉన్న బుస్సీ, మార్టిన్ గారి గుడి ఉన్న బుస్సీ అనుకోవచ్చు. ఒక అక్షరం తేడాతో రాసే బూసీలు మళ్ళీ వేరు. వాటిలో సువాసోన్ పట్టణాన్ని ఆనుకుని ఉన్నది బూసీ-ల-లోన్, పొడుగు బూసీ. మన సేనాని పుట్టింది ఆ సువాసోన్ చుట్టుపక్కలే. ఏడాది 1718 అని కొందరు, 1720 అని కొందరు అంటారు.

ఇన్ని ఊళ్ళకి ఒకే పేరు ఎలా వచ్చింది? రోమన్ల కాలంలో ఆ దేశంలో భూములకి పేరు పెట్టే పద్ధతి ఒకటుండేది. యజమాని పేరుకో, అక్కడ పెరిగే చెట్టు పేరుకో చివర "ఆకుమ్" అని తగిలించేవారు. మనం పల్లి, పూడి, పాడు చేర్చినట్టు. తర్వాత వెయ్యేళ్ళు జనం నోళ్ళలో నలిగి ఆ తోక ఉత్తరాదిన "ఈ"గా అరిగిపోయింది, దక్షిణాదిన "యాక్"గా నిలబడింది. సబీనియస్ అనే ఆసామి భూమి ఉత్తరాన సావిన్యీ అయితే దక్షిణాన సావిన్యాక్ అయింది. మూసారాంబాగ్ రేమండ్ పుట్టిన ఊరు దక్షిణాదిన గాస్కనీలోని సెరిన్యాక్. అంటే మన దక్కనుకి వచ్చిన ఈ ఇద్దరు ఫ్రెంచివాళ్ళలో ఒకరు "ఈ" వైపువాడు, ఒకరు "యాక్" వైపువాడు. అసలు తోక ఒకటే.

ఇక బుస్సీలో మొదటి ముక్క. దాన్ని చాలామంది బుక్సుస్ అనే లాటిన్ మాట నుంచి చెబుతారు. అదొక చిన్న చెట్టు. నెమ్మదిగా పెరుగుతుంది, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది, కర్ర బాగా గట్టిది. దువ్వెనలు, చదరంగం పావులు, పిల్లనగ్రోవులు చేసేవారు. అలాగైతే మనకి తాడేపల్లి, చింతలపూడి, మర్రిపాడు ఎలాగో వాళ్ళకి బుస్సీ అలాగ. తాతయ్యని వణికించిన పేరులో ఉన్నది ఒక పొద.

రైలు తప్పిన కథ

ఈ పేర్ల మీద నాకు ఆసక్తి పుట్టింది పుస్తకాలు చదివి కాదు, తప్పు రైలెక్కి. మా అక్క కూతురు పెళ్ళయ్యాక పారిస్ దగ్గర బుస్సీ-సాన్-జోర్జ్‌లో ఉంటోంది. బొబ్బిలి వైపు ఆడపిల్ల వెళ్ళి వెళ్ళి బుస్సీలో కాపురం పెట్టడమేంటని మా ఇంట్లో నవ్వుకోని రోజు లేదు. నేను వెళ్ళినప్పుడు, "మామయ్యా, ఎ లైను ఎక్కి బుస్సీలో దిగిపో, నేను స్టేషనుకి వస్తా" అంది. నేను ప్లాట్‌ఫారం మీద బోర్డు చూసి, బి అక్షరం, మధ్యలో రెండు ఎస్‌లు, చివర వై, తర్వాత సాన్ ఏదో, అన్నీ సరిపోయాయని ఎక్కేశాను. వాన్‌సెన్ దాటాక ఆ లైను రెండుగా చీలుతుంది. నేనున్న బండి రెండో కొమ్మ పట్టుకుని ఆఖరి స్టేషనులో దింపింది. బ్వాసీ-సాన్-లేజే. ఫోనులో దానికి నవ్వాగలేదు. "అది బ్వాసీ మామయ్యా, బుస్సీ కాదు!"

మళ్ళీ వాన్‌సెన్‌కి వెనక్కొచ్చి, బండి మారి వెళ్ళేసరికి దాని పులిహోర చల్లారిపోయింది. ఆ రాత్రి దాని ల్యాప్‌టాప్‌లో వెతికితే బ్వాసీ కూడా ఆ బుక్సుస్ నుంచే వచ్చిందని కనబడింది. నేను తప్పు ఊరెక్కడికో పోలేదు, అదే చెట్టు ఇంకో కొమ్మ మీదికి పోయానంతే. ఈ జవాబు దానికి నచ్చలేదు. గంటన్నర స్టేషనులో నిలబడ్డది అది కదా.

ఆ ఊరి గురించి ఒక్క మాట చెప్పాలి. 1980ల దాకా అది కొన్ని వందల మంది ఉన్న పల్లె. పారిస్ చుట్టూ కొత్త పట్టణాలు కట్టినప్పుడు పెరిగి ఇప్పుడు ఇరవై అయిదు వేలు దాటింది. వియత్నాం, లావోస్, చైనాల నుంచి వచ్చిన కుటుంబాలు బోలెడు. బౌద్ధాలయం, లావో పగోడా, మసీదు ఒకే చోట దగ్గర దగ్గరగా కట్టుకున్నారు. ఆ ఊరివాళ్ళని ఫ్రెంచిలో బుక్సాంజోర్జియన్లంటారు. ఊరి పేరులో అరిగిపోయిన లాటిన్ చెట్టు ఊరివాళ్ళ పేరులో అలాగే ఉంది. మా అక్క మనవడు బడిలో తనని తాను అదే చెప్పుకుంటాడు. బుస్సీ పేరు మీద ఈ రోజున వాడికున్న హక్కు ఏ మార్క్విస్ బిరుదు దొరకీ లేదంటాను నేను.

ముగ్గురు బుస్సీలు, మూడు ఇళ్ళు

ఫ్రెంచి చరిత్రలో బుస్సీ అనగానే ముగ్గురు కనిపిస్తారు. ఒకరి తర్వాత ఒకరిని చదివితే తాత, మనవడు, మునిమనవడు అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను.

మొదటివాడు 16వ శతాబ్దపు బుస్సీ ద అంబ్వాజ్. కత్తిసాములో మొనగాడు, పరమ కయ్యాలమారి. 1572లో పారిస్‌లో సెయింట్ బార్తలోమ్యూ రోజు ప్రొటెస్టెంట్ల ఊచకోత జరుగుతుంటే, ఆ సందట్లో సొంత దాయాదిని చంపేశాడు. ఇద్దరికీ మధ్య ఒక ఎస్టేటు గురించి కోర్టు గొడవ ఉంది. తర్వాత ఇంకొకరి భార్యతో నడిపిన వ్యవహారంలో 1579లో ఆ భర్త మనుషుల చేతిలో చచ్చాడు. ఇతని అసలు ఇంటిపేరు క్లెర్మోన్.

రెండోవాడు 17వ శతాబ్దపు బుస్సీ కౌంట్, రోజే ద రాబ్యుతాన్. సైన్యంలో పెద్ద పదవి, నోరు అదుపులో ఉండదు. ఆస్థానంలో ఎవరు ఎవరితో తిరుగుతున్నారో వెటకారంగా రాసి, 1665లో బాస్తీల్ జైలుకి పోయాడు. ఆ ఏడాదే ఫ్రెంచి అకాడమీకి ఎన్నికవడం కూడా జరిగింది. జైలు తర్వాత రాజుగారు పల్లెకి పొమ్మంటే, పెదబుస్సీలో ఉన్న తన కోటలో కూర్చుని గోడల నిండా బొమ్మలు వేయించాడు. సేనాధిపతులు, రాజులు, తనని వదిలేసిన ఆడవాళ్ళు, బొమ్మల పక్కన ఎత్తిపొడుపు మాటలు. కోపం వచ్చిన మనిషి ఇల్లు పెయింటు చేయించుకుంటే ఎలా ఉంటుందో చూడాలంటే ఆ కోట చూడాలి. ఇప్పుడది ప్రభుత్వానిది, టికెట్టు కొని చూడొచ్చు. ఇతని ఇంటిపేరు రాబ్యుతాన్.

మూడోవాడు మన పాతిస్యే.

ముగ్గురివీ వేర్వేరు ఇళ్ళు. మధ్యలో ఉన్నది ఊరి పేరు, అదీ ఒకే ఊరు కాదు. ఆ రోజుల్లో భూమి కొన్నా, కట్నంగా వచ్చినా, దాని పేరు పక్కన "ద" పెట్టి చేర్చుకోవడం మామూలే. పెద్దకొడుకు ఒక ఊరి పేరు, రెండోవాడు ఇంకో ఊరి పేరు పెట్టుకున్న కుటుంబాలు ఉన్నాయి. మామూలు షావుకార్లు కూడా దొరల భూములు కొని దొరలమని చెప్పుకోవడం ఎక్కువైపోయి, 1579లో బ్లువా శాసనంలో ప్రత్యేకంగా రాయాల్సొచ్చింది, భూమి కొన్నంత మాత్రాన దొరతనం రాదని. అలా శాసనం చెయ్యాల్సి వచ్చిందంటే జనం అప్పటికి ఎంత కాలంగా ఆ పని చేస్తున్నారో ఊహించుకోవచ్చు.

నాకు అన్నిటికన్నా నచ్చిన సాక్ష్యం ఫ్రెంచి విప్లవం నాటిది. 1790 జూన్ 19న జాతీయ సభ బిరుదులన్నీ రద్దు చేస్తూ, ఇకనుంచి ప్రతివాడూ తన నిజమైన ఇంటిపేరే వాడాలని తీర్మానించింది. దాంతో ఒక్క రోజులో విప్లవ నాయకుడు మిరాబో కాస్తా రికెటీ అయిపోయాడు. ఇంకో నాయకుడు లాఫయెట్ మోత్యే అయ్యాడు. పేపర్లు అలాగే అచ్చు వేస్తే, ఈ రికెటీ ఎవడని జనం తెల్లబోయారట. మిరాబోకి మహా కోపం వచ్చింది. కానీ మిరాబో అనేది ప్రొవాన్స్‌లో ఒక ఊరు, ఆ రోజు సభ చేసిందల్లా ఊరి పేరు ఊరికి తిరిగిచ్చెయ్యమనడమే. మన సేనాని ఆ రోజు చూడలేదు. ఆయన 1785లోనే పుదుచ్చేరిలో పోయాడు. బతికుంటే పౌరుడు పాతిస్యే అయ్యేవాడు.

పాడు, పాటి

ఇప్పుడు ఇంటికి వద్దాం. 1757 జనవరి 24న బొబ్బిలి కోట బయట నిలబడ్డ ఇద్దరు పెద్దల పేర్లు చూడండి. ఒకరు పాతిస్యే ద బుస్సీ. రెండోవారు పూసపాటి విజయరామరాజు. పూసపాటి అంటే పూసపాడు అనే ఊరిది అని. "పాడు" చివర "టి" చేరి "పాటి" కావడం ఔపవిభక్తికమని బడిలో చదువుకున్నాం. ఫ్రెంచి "ద" చేసే పనే ఇదీ చేస్తుంది. అంటే బొబ్బిలిని ముట్టడించిన ఇద్దరూ బొబ్బిలికి సంబంధం లేని రెండు ఊళ్ళ పేర్లు మోసుకుని వచ్చారు. ఆ రెండు ఊళ్ళలో ఎవరికీ బొబ్బిలితో తగువు లేదు.

ఈ "టి"లోనూ, ఆ "ద"లోనూ ఒకే తమాషా ఉంది. ఎవరు ఎవరికి చెందుతారో అది చెప్పదు. పూసపాటివారు అంటే పూసపాడుని ఏలినవారనీ అనుకోవచ్చు, పూసపాడు నుంచి బయల్దేరి వచ్చినవారనీ అనుకోవచ్చు. రాజులైతే మొదటి అర్థం, మనలాంటి వాళ్ళమైతే రెండో అర్థం వర్తిస్తుందని సాధారణంగా అనుకుంటాం. మా బాబాయి మాత్రం మాకు కూడా మొదటి అర్థమే వర్తిస్తుందంటారు.

మా ఇంటిపేరు కూడా పాటితో ముగిసేదే. ఆ పేరు గలవాళ్ళకి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది, బాబాయి దాని అడ్మిన్. "మన వంశం ఒకప్పుడు ఆ గ్రామాన్ని పాలించింది" అని వారానికోసారి ఫార్వర్డు వస్తుంది. చిక్కేమిటంటే ఆ పేరున్న ఊళ్ళు మూడు ఉన్నాయి, మూడు జిల్లాల్లో. గ్రూపులో మూడు వర్గాలు. ఒక దసరా సెలవుల్లో బాబాయి పట్టుబట్టి నన్ను అందులో ఒక ఊరికి తీసుకెళ్ళారు. టీకొట్టు దగ్గర పెద్దాయన ఒకరు మా ఇంటిపేరు విని కాసేపు ఆలోచించి, "ఆ ఇంటిపేరోళ్ళు మా ఊళ్ళో ఎవరూ లేరండి. ఉంటే ఆ పేరెందుకు పెడతారు?" అన్నారు.

బాబాయికి ఆ మాట అర్థం కాలేదు. కారులో తిరిగొస్తూ, శిస్తులెగ్గొట్టి పారిపోయుంటారని ఆ ఊరివాళ్ళ మీదే ఓ కథ అల్లారు. నాకు మాత్రం నా వాదన మొత్తం ఆ టీకొట్టు దగ్గరే దొరికింది. ఊళ్ళో ఉన్నవాడికి ఊరి పేరు అక్కర్లేదు, అక్కడ అందరూ ఆ ఊరివాళ్ళే కనక. కరువుకో, కలరాకో, దాయాదుల గొడవకో ఊరు వదిలి, కొత్త చోట "మీదే ఊరు?" అని ఎవరో అడిగినప్పుడు చెప్పిన జవాబు ఇంటిపేరైంది. కాబట్టి ఒకే పేరుతో రెండు కుటుంబాలు కనిపిస్తే అన్నదమ్ముల పిల్లలే కానక్కర్లేదు. ఒకే ఊరి నుంచి వేర్వేరు కరువుల్లో బయల్దేరిన ఇద్దరు కావచ్చు. ఒకే పేరున్న రెండు ఊళ్ళ నుంచి కూడా కావచ్చు. కులాలు వేరైన కుటుంబాలకి ఒకే ఇంటిపేరు ఉండటం మనకి కొత్తేమీ కాదు. గ్రూపులో ఈ సంగతి రాస్తే నన్ను రెండు రోజులు మ్యూటులో పెట్టారు.

నాకే ఉన్న అనుమానాలు

అయితే ఇదంతా అనుకున్నంత సాఫీగా లేదు. మొదటి దెబ్బ బుస్సీ పేరులోనే ఉంది. చెట్టు కాదు, బుక్కియస్ లాంటి పేరున్న ఒక రోమన్ కాలపు ఆసామి భూమి కావడం వల్ల అలా వచ్చిందని చెప్పే పండితులూ ఉన్నారు. బుస్సీలు ఇన్ని ఉన్నాయి కనక కొన్ని చెట్టువి, కొన్ని మనిషివి కూడా కావచ్చు. మనిషిదే అయితే నా కథ తలకిందులవుతుంది. మొదట ఒక యజమాని, అతని పేరుతో ఊరు, ఆ ఊరి పేరుతో ఇంకో యజమాని. చెట్టు కథ నాకు ఎందుకు నచ్చిందో నాకు తెలుసు. అది నా పక్షాన ఉంది కాబట్టి.

రెండో దెబ్బ బొబ్బిలి. శ్రీకాకుళం ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ వెంట వచ్చిన వెలమ దొర కోట కట్టుకుని, తన యజమాని పేరులోని "షేర్"ని తెలుగు చేసి బెబ్బులి అని పెడితే, అదే బొబ్బిలి అయిందని పాత గెజిటీర్ల కథ. విజయనగరం కూడా ఒక విజయరామరాజు పేరు మీదే వెలిసిందంటారు. అంటే మా జిల్లాలో యుద్ధం చేసుకున్న రెండు కోటలకీ మనుషుల పేర్లే. మనిషి ఊరికి పేరు ఇవ్వలేడని నేను ఎలా అనగలను?

అనలేను. అందుకే వాదన కొంచెం మార్చుకున్నాను. పేరు ఎవరు పెట్టారన్నది వదిలేస్తాను. ఎవరు నిలబెట్టారన్నదే చూస్తాను. బుక్కియస్ అనేవాడు ఉన్నాడే అనుకుందాం. అతని వంశం ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలీదు. తర్వాత ఆ నేల ఎందరి చేతులో మారి ఉంటుంది, రాజ్యమే మారింది, భాషే మారింది. పొలం దున్నేవాళ్ళు, సంతకి పోయేవాళ్ళు రోజూ అంటూ ఉండబట్టి, నోటికి తిరిగినట్టు అరగదీస్తూ ఉండబట్టి ఆ పేరు పదిహేను వందల ఏళ్ళు నిలిచింది. షేర్ ఖాన్ బెబ్బులిని బొబ్బిలి చేసింది కూడా కోటలో ఉన్నవాళ్ళు కాదు, బయట ఉన్నవాళ్ళు. రాబ్యుతాన్ దొర ఇంటిపేరు ఆయన కోటకి తగులుకుని బుస్సీ-రాబ్యుతాన్ అయింది. కోటని ఇప్పటికీ అలాగే అంటారు. ఊరు మాత్రం బుస్సీ-ల-గ్రాన్.

ఇంకో అభ్యంతరం మా అక్క కూతురిది. "మామయ్యా, నువ్వు ఊరిది ఊరిది అంటున్నావు గానీ, ఈ ఊరి పేరు నీకు తెలిసిందే ఆ బుస్సీ వల్ల కదా. వాడు బొబ్బిలి రాకపోతే ఈ స్టేషను పేరు చూసి నువ్వు ఉలిక్కిపడేవాడివా?" దీనికి నా దగ్గర సరైన జవాబు లేదు. ఆ సేనాని పుట్టింది వేరే బూసీ వైపు, ఇది వేరే బుస్సీ అని గొణిగాను. అది వినలేదు, నిజానికి వినదగ్గ జవాబూ కాదు. వాళ్ళ ఎదురింటి పెద్దావిడని అడిగాం, ఇండియాకి వెళ్ళిన మార్క్విస్ బుస్సీ తెలుసా అని. ఆవిడ ఆలోచించి, రాబ్యుతాన్ కోట అయితే చూశాం, బొమ్మలు బాగుంటాయి అంది.

పుదుచ్చేరిలో నేను దిగిన హోటలు ఆ పాత బుస్సీ వీధి చివర ఉంది. బుస్సీ ఆనంద్ గురించి నాన్న అడగడానికి చాలా ముందు సంగతి ఇది. బస్టాండులో ఆటో మాట్లాడుతూ, వచ్చీరాని తమిళంలో లాల్ బహదూర్ శాస్త్రి వీధి అన్నాను. ఆటో అతను రెండుసార్లు అడిగించుకున్నాడు. హోటలు పేరు చెప్పాక, "ఓ, బుస్సీ స్ట్రీటా? అలా చెప్పండి" అన్నాడు. దారిలో ఉండబట్టలేక, బుస్సీ అంటే ఎవరో తెలుసా అని అడిగాను.

"తెలియకపోవడమేంటి సార్," అన్నాడు, "మా ఎమ్మెల్యే."